చెవిలో చదివిన సినిమా

అకాడమీ చిన్న థియేటరులో కుర్చీలు ఇరవై, న్యాయనిర్ణేతలు ఏడుగురు. ఐదు రోజుల్లో ఐదు సినిమాలు చూసి, ఆ ఏడాది ఉత్తమ విదేశీ చిత్రం బహుమతి దేనికివ్వాలో ఓటేసి తేల్చాలి. ఆ ఏడుగురిలో ఒకావిడ నలభై ఏళ్ళు సినిమా వాళ్ళకు దుస్తులు కుట్టిన దర్జీ. అకాడమీ నుంచి పిలుపు రావడం ఆవిడకిదే మొదటిసారి. తీరా వచ్చేసరికి ఒక కంటికి శుక్లం ఆపరేషనయి, రెండో కన్ను తన వంతు కోసం ఎదురుచూస్తోంది. బొమ్మ బాగానే ఆనుతుంది గానీ, తెర కింద పరిగెత్తే అనువాదం అక్షరాలు చీమల బారులా ఉన్నాయి.

అందుకని కోడలు పక్కన కూర్చుని చెవిలో చదివిపెట్టే ఏర్పాటు జరిగింది. కోడలు రేడియోలో వాతావరణం చదువుతుంది. ఇచ్చిన కాగితాన్ని ఇచ్చినట్టు చదవడమే ఆమె ఉద్యోగం. ఒక్క మాట కలపను, ఒక్క మాట మింగను అని అకాడమీ వాళ్ళకు సంతకం కూడా పెట్టి ఇచ్చింది.

మొదటి రోజు అధ్యక్షుడు వెనక్కి తిరిగి దగ్గాడు. ఆయన రిటైరైన ఎడిటరు. "అమ్మాయ్, కాస్త గొంతు తగ్గించు."

రెండో రోజు ఆయనే లేచి వచ్చి వీళ్ళ ముందు వరసలో కూర్చున్నాడు. "అక్షరాలు చదువుతుంటే మొహాలు తప్పిపోతున్నాయమ్మా. ఇదే హాయిగా ఉంది." నాలుగో రోజుకి మిగతా ఆరుగురూ కోడలి చుట్టూ చేరి, అక్షరాల వైపు చూడటమే మానేశారు.

"ఏమే, నా రేడియోకి ఇంతమంది వాటాదారులా?" అని అత్తగారు మురిసిపోయింది.

ఐదో సినిమా లాండ్రీ నడిపే అత్తాకోడళ్ళ కథ. ఇద్దరికీ క్షణం పడదు. చదువుతూ చదువుతూ ఈ కోడలికి పూనకం వచ్చినంత పనైంది. "ఇస్త్రీపెట్టె నా చేతికివ్వడానికి ఇన్నేళ్ళు పట్టిందా మీకు?"

"మెల్లిగా అనవే! మధ్యలో నేనేం చేశాను?" అంది అత్తగారు. చుట్టూ కిసుక్కుమని నవ్వులు.

చివరి సీనులో తెర మీది కోడలు బట్టల పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ముసలావిడ కోటు బొత్తాలు పెట్టుకుంటూ ఒక మాట అంది. కింద అక్షరాలు పడ్డాయి: నిన్ను నా మనిషనుకోలేదు, ఏనాడూ.

సరిగ్గా అప్పుడే అత్తగారి తల చదివే కోడలి భుజానికి ఆనుకుని ఉంది. రెండు నెలలుగా ఆమె చేత్తోనే కంట్లో చుక్కలు వేయించుకుంటున్న మనిషి. కోడలికి నోరు రాలేదు. "నువ్వు నా మనిషివి, ఏనాడైనా," అని చదివేసింది.

వెనక ఎవరో ముక్కు చీదారు. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

టీ తాగి ఓట్లు వేయాలి. "ఆ చివరి మాట చాలు, నా ఓటు దానికే," అన్నాడాయన కప్పు అందుకుంటూ. కోడలు తాగబోయిన కప్పు కింద పెట్టేసింది. చెబితే అత్తగారిని మొదటి ఏడాదే ఇంటికి పంపేస్తారు. చెప్పకపోతే ఆవిడ వేసే మొదటి ఓటు సినిమాలో లేని మాటకు పడుతుంది.

చెయ్యి కడిగించే నెపంతో అత్తగారిని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. "అత్తయ్యా, చివరి మాట నేను మార్చేశాను."

"తెలుసులే."

"ఎలా?"

"ఆవిడ మెడ దాకా బొత్తాలు బిగించుకుంటూ మాట్లాడిందే. ముద్దుగా మాట్లాడే మనిషి మెడ బొత్తాం పెట్టుకుంటుందా? ఇంతకీ ఏమంది?"

కోడలు కుళాయి వైపు చూస్తూ చెప్పింది.

"అబ్బ, ఎంత బాగుంది! దాని మీద పంచదార పోశావా నువ్వు?"

"మీ మొహం మీద ఎలా అనను?"

"నన్నెందుకంటావే? నేనేమన్నా లాండ్రీ పెట్టానా? పద, వాళ్ళకీ చెప్పు."

"మిమ్మల్ని తీసేస్తారేమో."

"తీసేయనీ. కుట్టు వంకరపోతే విప్పేదాకా నాకు అన్నం సయించదు."

కోడలు అందరి ముందూ చెప్పింది. అధ్యక్షుడు కళ్ళజోడు పెట్టుకుని ఆమె వైపు తిరిగాడు.

"రేడియోలో కూడా ఇంతేనా? వానన్న రోజల్లా ఎండ కాసేది నీవల్లేనా?"

అందరూ నవ్వారు.

"నియమం ప్రకారం నిన్ను బయటికి పంపాలి," అన్నాడాయన.

"పంపితే నాకెవరు చదువుతారు?" అంది అత్తగారు.

"మాకు మాత్రం?" అన్నారెవరో మెల్లిగా.

చివరి సీను మళ్ళీ వేయించారు. ఆపరేటరు ఎందుకని అడగలేదు. ఈసారి కోడలు ఉన్నది ఉన్నట్టే చదివింది. ఎవరూ ఏడవలేదు. తెర మీద కోడలు పెట్టె కింద పెట్టి, ఏమీ అనకుండా, ముసలావిడ కోటు కాలరు సరిచేసింది. ఇందాక కళ్ళు తుడుచుకునే హడావిడిలో ఒక్కరూ చూడని పని అది. అధ్యక్షుడు "హుఁ" అని, కుర్చీలో ముందుకు జరిగాడు.

బహుమతి లాండ్రీ సినిమాకే వచ్చింది. ఏడింట ఆరు ఓట్లు.

మెట్లు దిగుతూ అంది కోడలు, "ఆ ఒక్కటీ ఎవరు వేయలేదో!"

"నేనే."

"అత్తయ్యా! ఎంత బాగుందన్నారు కదా!"

"మాట బాగుంది. ఇస్త్రీ బాలేదు. పాతికేళ్ళ లాండ్రీ అట, ఒక్క చొక్కాకైనా మడత సరిగ్గా పడలేదు. నేనెలా వేస్తానే?"

కోడలు నవ్వాపుకోలేక రెయిలింగు పట్టుకుంది. "ఇంకా మూడు మెట్లున్నాయి, చూసుకోండి," అని రెండో చెయ్యి అందించింది.