పెట్రోలు అయిపోయిన పడవ

రెండో పడవను రేవుకు లాక్కొచ్చి, తడిసిన తాడును మోచేతికి చుట్టుకుంటూ అతను బావ మొహం వంక మరోసారి చూశాడు. షికారు పడవలు అమ్మే ఆ యార్డులో అతని పని ఇదే. నీళ్ల మధ్య ఆగిపోయిన పడవను తాడు కట్టి ఒడ్డుకు తేవడం. నడిపేవాడు బావ, లాక్కొచ్చేవాడు బావమరిది. చిన్నప్పుడు ఈత నేర్పిందీ బావే, పెద్దయ్యాక ఈ ఉద్యోగం ఇప్పించిందీ బావే. పిల్లనిచ్చేవాళ్ల ముందు కూర్చుని "మావాడు బంగారం" అని నోరారా అబద్ధమాడిందీ ఆ మహానుభావుడే.

ఆ రోజు పరీక్షకు మూడు పడవలు పెట్టారు. మొదటిదానికి మోటారు వెనక బయటే వేలాడుతుంది. రెండోదానికి ఇంజను లోపల, నీళ్లను తోసే పంకా బయట. మూడోది జెట్. పైకి పంకా కనిపించదు, నీళ్లు పీల్చి వెనక్కి చిమ్ముతూ పరిగెడుతుంది. కొనడానికి వచ్చిన ప్రతివాడూ ముందుగా అడిగేది ఎంత తాగుతుందనే. అందుకని అన్నిట్లోనూ ఒకే కొలత పెట్రోలు పోసి, అది అయిపోయేదాకా తిప్పించి, ఏది ఎంత దూరం పోయిందో చూస్తారు. పడవ ఆగిందంటే పెట్రోలు అయిపోయినట్టే. ఇక చేసేదేమీ లేక బావ అందులోనే కాళ్లు బారజాపుకుని ఓ కునుకు తీస్తాడు. ఇతను తీరిగ్గా వెళ్లి లాక్కొస్తాడు. ఏళ్ల తరబడి ఇదే వరస.

"జబ్బ ఇంకా లాగుతోందా బావా?"

"పొద్దుటినుంచీ స్టీరింగ్ తిప్పుతుంటే లాగదా మరి? నీలాగా తాడు చుట్టుకుంటూ కూర్చునే ఉద్యోగమా నాది?"

"అక్క ఒకటే ఫోన్లు. ఇవాళ నిన్ను డాక్టరుకి చూపించకపోతే నన్ను గుమ్మం తొక్కనివ్వదట."

"ఈ ఒక్కటీ కానీరా, వెళ్దాం. ఈ తాగుబోతు జెట్ ఎంతసేపు తిరుగుతుంది గనక!"

బావ మొహం నిండా చెమట. ఎండ కదా అనుకున్నాడు అతను.

జెట్ పడవ రయ్యిమని వెళ్లింది. ఇంకా ఎంతో తిరగకుండానే అవతలి గట్టు దగ్గర ఆగిపోయింది.

"అదేంటి, అప్పుడే అయిపోయిందా?" అంది ఒడ్డున లెక్కలు రాసుకుంటున్న ఇంజనీరమ్మ, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

"జెట్ కదమ్మా, గటగటా తాగేసుంటుంది" అన్నాడతను. అందరూ నవ్వారు.

ఇంతలో టీ వచ్చింది. ఒక కప్పు తాగి, ఇంకొకటి పోయించుకున్నాడు. దూరంగా పడవలో తల కనిపించలేదు. "అప్పుడే పడకేశాడు. ఇప్పుడెళ్లి లేపితే తిడతాడు కూడా" అన్నాడు. మళ్లీ నవ్వారు.

కప్పు కడిగి పెట్టి, తన చిన్న పడవలో బయలుదేరాడు. దగ్గరికి వెళ్లి ఎప్పటిలాగే తాడు విసిరాడు. అది బావ ఛాతీ మీద పడింది. బావ తిట్టలేదు.

నిద్రపోయేవాడు అలా పడుకోడు. ఒక కాలు కిందకు మడతపడి ఉంది, చెంప తడి చెక్కకు ఆనుకుని ఉంది. నడిపేవాడు సీట్లోంచి పడిపోతే ఇంజను దానంతటదే ఆగిపోవడానికి మణికట్టు నుంచి ఇంజను స్విచ్చుకు ఎర్ర పట్టీ కడతారు. ఆ పట్టీ రెండో కొస స్విచ్చులోంచి ఊడొచ్చి చేతి పక్కన వేలాడుతోంది. అతను జెట్ పడవలోకి దూకాడు. భుజాలు పట్టుకుని కుదిపాడు. ఒళ్లు వెచ్చగానే ఉంది, ఊపిరి మాత్రం లేదు.

ఆ తర్వాత అతని చేతులు వాటంతటవే పనిచేశాయి. బావను తన పడవలోకి ఎత్తుకుని వేగంగా పోవాలని తోచనే లేదు. ముడి వేశాడు, తాడు బిగించాడు, ఎప్పుడూ లాగే వేగంతోనే నెమ్మదిగా లాక్కొచ్చాడు. ఒడ్డున ఎవరో చెయ్యి ఊపారు.

ఇంజనీరమ్మ బావ ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కుతూనే ఉంది, అంబులెన్సు వచ్చేదాకా. అందులోంచి దిగినతను నాడి చూశాడు, కళ్లలోకి లైటు వేసి చూశాడు.

"పడిపోయి ఎంతసేపైంది?"

అతను తాను కడిగి పెట్టిన టీ కప్పు వంక చూశాడు. స్ట్రెచరు ఎత్తుతుండగా జేబులో ఫోను మోగింది.

"బయలుదేరారట్రా?" అంది అక్క.

"తీసుకెళ్తున్నామక్కా."

"హమ్మయ్య! మొత్తానికి ఒప్పించావు. నీ మాటైతేనే వింటాడని నాకు తెలుసు."

రేవులో ఎవరో జెట్ పడవ ట్యాంకు మూత తీసి, లోపలికి చూసి, చప్పుడు కాకుండా మళ్లీ పెట్టేశారు. అందులో ఇంకా సగానికి పైగా పెట్రోలు ఉంది.