ఒక్క మా అమ్మాయి తప్ప

నేను బట్టలు కుట్టేవాణ్ణి. మా ఆవిడ బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఏడో తరగతి పిల్లల్ని తికమక పెట్టే జంట మాటలంటే ఆవిడకు ప్రాణం. పుస్తకంలోని ఉదాహరణలు మాత్రం గిట్టవు. "ఆ వాక్యాల్లో మనుషులే ఉండరండీ," అంటూ మా ఇంటి సంగతులతో సొంతంగా అల్లేది. క్వయెట్ అంటే నిశ్శబ్దం, క్వైట్ అంటే బాగా. కాబట్టి, "మా ఆయన గురక ఆగితేనే ఇల్లు క్వయెట్, ఆ గురక క్వైట్ పెద్దది," అనేది. పిల్లలు ఇక జన్మలో మరిచిపోరు. యూనిఫాం కొలతలకు వచ్చి నన్ను చూసి కిసుక్కున నవ్వేవారు. నాకేం, కాస్త గర్వంగానే ఉండేది.

తంటా ఎప్పుడొచ్చిందంటే, మా అమ్మాయి ఏడో తరగతికి వచ్చి వాళ్లమ్మ క్లాసులోనే కూర్చున్నాక. దాన్ని మేం పిచ్చుక అంటాం. నోరు ఊరుకోదు మరి.

యాక్సెప్ట్ అంటే ఒప్పుకోవడం, ఎక్సెప్ట్ అంటే తప్ప అని చెప్పి, మా ఆవిడ బోర్డు మీద ఓ వాక్యం రాసింది. 'మా ఇంట్లో అందరూ లైటు ఆర్పి పడుకుంటారు, ఒక్క మా అమ్మాయి తప్ప.' పిచ్చుకకు చీకటంటే భయమని తెలిసి క్లాసంతా గొల్లుమంది. మధ్యాహ్నం మెట్ల దగ్గర దాన్ని చూసి ఎవరో "లైటు వెయ్యనా?" అన్నారట. సాయంత్రానికి బడంతా అదే మాట.

"పేరు రాయలేదుగా," అంది మా ఆవిడ ఇంటికొచ్చాక.

"పేరెందుకు? నీకున్నది ఒక్క అమ్మాయేగా," అంది పిచ్చుక.

ఆ తర్వాత వాళ్లమ్మ దగ్గర అది నోరు విప్పలేదు. అడిగితే ఊ, అడక్కపోతే అదీ లేదు. మా ఆవిడ రెండ్రోజుల్లో అదే సర్దుకుంటుందని ధీమాగా తిరిగింది. నాకు ఒళ్లు మండింది.

ఒక సాయంత్రం పిచ్చుక నా కుట్టు మిషను పక్కన కూర్చుని ఆటల పీరియడ్ కబుర్లేవో చెబుతోంది. ఇద్దరం పడీపడీ నవ్వుతున్నాం. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏంటే, నాకూ చెప్పవే," అంది.

పిచ్చుక నవ్వు ఆగిపోయింది. లేచి నిలబడి, "ఏం లేదు టీచర్," అంది.

బడిలో అలాగే పిలవాలి. ఇంట్లో ఎన్నడూ పిలవలేదు. వెటకారంగా అన్నా బాగుండేది, నిజంగా జాగ్రత్తపడి అంది. మా ఆవిడ మొహం చూశాక నా కోపమంతా దిగిపోయింది. జాలేసింది.

"అది ఇక నాకేం చెప్పదేమోనండీ," అంది కూరలు తరుగుతూ.

"నీకు చెబితే క్లాసు మొత్తానికి చెప్పినట్టేగా," అన్నాను, నోరు జారి.

ఆవిడ కత్తి పక్కన పెట్టింది.

మర్నాడు హెడ్‌మాస్టరుతో మాట్లాడి, తనకెంతో ఇష్టమైన ఏడో తరగతి వదులుకుని ఆరో తరగతి తీసుకుంది. బడిలో ఇక ఇంటి మాట ఎత్తనని పిచ్చుకతో చెప్పింది. అది తలూపి తన పని చూసుకుంది.

ఏడో తరగతికి కొత్త సారు వచ్చాడు. కొన్నాళ్లకి పిచ్చుక పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. నేను గుమ్మం బయట సూదికి దారం ఎక్కిస్తున్నాను.

"అమ్మా, అడ్వైస్, అడ్వైజ్ రెండూ కలిసిపోతున్నాయి. సారు చెప్పింది గుర్తుండట్లేదు."

"మొదటిది సలహా. రెండోది సలహా ఇవ్వడం." ఉదాహరణ చెప్పబోయి మా ఆవిడ ఆగిపోయింది. "పుస్తకంలో ఉంటుంది చూడు."

"అందులో ఎవరో రాజు, ఎవరో మంత్రి. నువ్వు చెప్పేలా చెప్పు."

"నాన్న మీద చెప్పనా?"

"నాన్న మీద చాలా అయ్యాయి. నా మీద చెప్పు," అంటూ పిచ్చుక గుమ్మం దాకా వచ్చి, నన్నోసారి చూసి, నా మొహం మీదే తలుపు దగ్గరికి వేసేసింది.

లోపల చాలాసేపు నవ్వులు వినిపించాయి. ఆ వాక్యమేంటో మా ఆవిడ ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నేను బతిమాలినా సరే.