బావగారి విమానం

పెయింటరు స్పాంజి ముక్కను వెండిరంగులో ముంచి, ముప్పాతిక రంగు పాత గుడ్డకే తినిపించి, మిగిలిన పాతికతో, రంగు లేచి లోపలి రేకు బయటపడినట్టు కనిపించేలా, విమానం రెక్క మీద చీమ ముద్దు పెట్టినట్టు అద్దుతున్నాడు. అరచేతిలో ఇమిడే ఎడారి యుద్ధవిమానం అది. పైన ఇసుకరంగు, మట్టిరంగు మచ్చలు, పొట్టకింద లేతనీలం. తొమ్మిదింటికల్లా అతను కార్ల షెడ్డులో ఉండాలి.

అతని బతుకే ఒక తమాషా. ముప్పైయేళ్ళుగా షెడ్డులో గీతలు పడ్డ కార్లను కొత్త పెళ్ళికొడుకుల్లా తయారుచేస్తాడు. ఇంటికొచ్చి, నిగనిగలాడే కొత్త బొమ్మను పాతబరచడానికి నానా చావూ చస్తాడు. అక్కడ ఒక్క గీత మిగిలితే యజమాని అరుస్తాడు. ఇక్కడ ఒక్క గీత తగ్గితే బావగారు అరుస్తారు.

బావగారంటే భార్యకు అన్న. పక్కగదిలో మంచాన ఉన్నారు. కుర్రతనంలో ఎడారి యుద్ధంలో విమానాల మెకానిక్కు. ఒక ఇసుకదుమారానికి విమానం రంగంతా గీసుకుపోయి అద్దమైతే, అందులో చూసుకుని దళమంతా గడ్డాలు గీసుకుందట. ఆయన మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని సగం చేస్తే కాస్త నిజం దొరుకుతుంది. డాక్టరు మాత్రం కోతలు కోయలేదు. పదిరోజులన్నాడు. ఇది ఎనిమిదోది.

పెయింటరు తొందరంతా అందుకే. ఆయన నోట ‘ఇది నా విమానమే’ అన్న మాట ఒక్కటి రాలితే చాలు. మొదటి విమానాన్ని చూసి, “ఇదేమన్నా పెళ్ళికి పోతోందటోయ్?” అన్నారు. రెండోదాన్ని చూసి, “బొగ్గులకొట్లో దొరికిందా?” అన్నారు. మూడోది ఆయనదాకా చేరనేలేదు. ఇంటావిడకు దుమ్ముతో ఆజన్మవైరం. పెయింటరు స్నానం చేసి వచ్చేసరికి అది కడిగిన గ్లాసుల మధ్య బోర్లా పడి నీళ్ళోడుతోంది.

“ఎంత మురికండీ బాబూ! బ్రష్షు పెట్టి తోమాను,” అంది మెప్పుకోసం చూస్తూ.

“మురికి కాదే, నెలరోజుల కష్టం!”

“కష్టపడి మురికి చేసేవాళ్ళని మిమ్మల్నే చూశాను.”

ఇది నాలుగోది, డాక్టరు గడువు చెప్పాక మొదలుపెట్టినది. ఆ ధ్యాసలోనే షెడ్డుకు పోయి, ఎవరిదో కొత్తకారు తలుపంచుకు రెండు చక్కని గీతలు పెట్టేశాడు.

“ఏంటయ్యా ఇది?” అన్నాడు యజమాని.

“ఎక్కే వైపు కదండీ, అరుగుతుంది,” అని నాలిక్కరుచుకున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చి, చేతులైనా కడక్కుండా విమానాన్నీ, పొగమరకలకు వాడే మసిపొడి డబ్బానూ పట్టుకెళ్ళి బావగారి ముందు పెట్టాడు. ఆయన భూతద్దం తీశారు.

“ఎడమరెక్క మొదట్లో ఈ గీతలు?”

“మీరు చెప్పినవే. పైలట్లు అటే ఎక్కుతారు కదా.”

భూతద్దం తోకదాకా వెళ్ళి, తీరిగ్గా వెనక్కొచ్చింది.

“ఒకటి తక్కువైంది.”

పెయింటరు తనూ భూతద్దంలోకి వంగి చూశాడు.

“మెకానిక్కేడోయ్? మా చేతి మరక లేని విమానం ఏనాడన్నా గాల్లోకి లేచిందా?” అంటూ, నొప్పులమందు జిడ్డున్న బొటనవేలిని మసిపొడిలో అద్ది, ఇంజనుమూత మీద నొక్కేశారు. విమానం మూతి సగం నల్లబడింది.

“అసలు విమానం మీద ఇంత వేలిముద్ర పడాలంటే మీరు నలభై అంతస్తుల మనిషి అయ్యుండాలి బావగారూ!”

“అయ్యుండేవాణ్ణోయ్. ఆ ఎడారి ఎండకే ఇలా కుంచించుకుపోయాను.” నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక విమానాన్ని ఒకసారి ఎత్తి, కిటికీ వెలుగులో తిప్పారు. “ఇప్పుడిది నాదే.”

ఆ మధ్యాహ్నం పెయింటరు ఈలవేసుకుంటూ షెడ్డుకు వెళ్ళాడు. సాయంత్రం వచ్చేసరికి ఇల్లు ఊడ్చి లేదు. ఇంటావిడ మంచం పక్కన కూర్చునుంది.

“నాలుగింటికి కాఫీ పట్టుకెళ్ళానండీ. అన్నయ్య లేవలేదు.”

నెలైంది. ఆవిడ మంచం తుడిచింది, మందుసీసాలు పారేసింది, కిటికీ ఊచలు ఒక్కొక్కటే తోమింది. తడిగుడ్డతో అలమర దగ్గరకొచ్చి, విమానాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, దానికింద మాత్రం తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది.

మూతి మీద నల్లని బొటనవేలి ముద్రతో, రెక్కల మీద ఎవరూ పూయని దుమ్ముతో, అది అక్కడే ఉంది.