గిటారు మెడకు పావు తిప్పు

పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లి, పాలు కాచి, నిద్రపోతున్న కూతురు బుజ్జమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి ఒళ్ళు కాలడం లేదని నిశ్చయం చేసుకున్నాక లక్ష్మీదేవమ్మ గిటారు మెడ చూసేది. మొగుడు గంగాధరప్పకు హిందూపురంలో బ్యాండుసెట్టు ఉంది. ఊదేవాళ్ళు, కొట్టేవాళ్ళు, ఆయనతో కలిపి నలుగురు. రెండేళ్ళ కిందట ఆయన బెంగళూరు దండులో, అదే కంటోన్మెంటులో, ఒక ముసలి దొర దగ్గర ఈ పాత గిటారు కొన్నాడు. నాలుగే తీగెలు, అవీ బాగా లావు. మైకుసెట్టుకు తగిలించి మీటితే కడుపులో పేగులు కదిలేట్టు బొంయ్యిమనేది. పెళ్ళికొడుకును చూడ్డం మాని జనం దాన్ని చూసేవాళ్ళు.

పాపం, అది హిందూపురం ఎండకు పుట్టింది కాదు. వేసవిలో దాని మెడ వెనక్కి విరుచుకునేది, తీగెలు మెట్లకు తగిలి గరగరమనేవి. ముసురు పడితే మెడ ముందుకు వంగేది, తీగెలు పైకి లేచి వాటిని అదిమేసరికి గంగాధరప్ప వేళ్ళు బొబ్బలెక్కేవి. మెడ లోపల ఒక ఇనుప చువ్వ, దాని కొసన ఒక మర, ఆ మరను తిప్పడానికి తాళంచెవి లాంటి చిన్న పనిముట్టు. అమ్మిన రోజు దొర అదంతా చేతులతో చూపించాడు. పావు తిప్పు, ఆగు, చూడు. అప్పుడు గంగాధరప్ప గిటారు మెడకు తగిలించుకుని దొరగారి నిలువుటద్దంలో తనను తాను చూసుకుంటున్నాడు. దొర చేతులను చూసింది వెంట వెళ్ళిన లక్ష్మీదేవమ్మే.

ఆమె ధర్మవరం నేతగాళ్ళ ఇంటి పిల్ల. పట్టుపోగు ఎండకు పెళుసెక్కి పుటుక్కుమంటుందనీ, వానకు వదులవుతుందనీ ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఐదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి కండెలు చుట్టింది, తెగిన పోగులు అతికింది. అయినా ఎవరైనా అడిగితే నాయన "మా ఇంట్లో నేసేవాళ్ళు ఇద్దరు" అనేవాడు. ఆయనా, అన్నా. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టినవాడే నేతగాడు, గుంత బయట ఉన్నవాళ్ళు ఊరికే కూర్చున్నట్టు.

అత్తవారింట్లో మాత్రం వేరే ధర్మం ఉంటుందా? ఒక కన్ను మూసి మెడ వెంబడి చూస్తూ ఉంటే అత్త చౌడక్క గడప మీద నుంచి అనేది: "ఏమ్మే, దానికి దిష్టి తీస్తాండావా? ఆడదానికి ఆ కట్టెతో ఏం పనే?" ఆమె మర తిప్పి లోపలికి పోయాక గంగాధరప్ప వచ్చి మీటేవాడు. సరిగ్గా పలికేది. "చూస్తివామ్మా, నా చేతిలో ఏముండాదో!" అని తల్లికి చెప్పుకునేవాడు. లక్ష్మీదేవమ్మ కోపగించుకోవాల్సిందే, కానీ ఆమెకు తీరిక ఉంటేగా. చువ్వ విరిగితే? తీగె తెగి బుజ్జమ్మ కంట్లో కొడితే? మైకులోని కరెంటు గిటారులోకీ, గిటారులోంచి మొగుడిలోకీ వస్తే? ఆయన చేత రబ్బరు చెప్పులు వేయించేదాకా ఊరుకోలేదు. పట్టుపంచె కింద రబ్బరు చెప్పులు చూసి ఊరు నవ్వింది. నవ్వితే నవ్వనీ, మనిషి ఉన్నాడు కదా అనుకుంది.

వైశాఖంలో పెనుకొండ తిమ్మరాజు ఇంట్లో కూతురి పెళ్ళి. ఇంటిల్లిపాదినీ రమ్మన్నాడు. బస్సు బోల్తా పడుతుందని లక్ష్మీదేవమ్మ మూడు రోజులు చెప్పి, చివరికి తనే బుజ్జమ్మ చెయ్యి పట్టుకుని ముందుగా ఎక్కింది.

"పడితే అందరం ఒగే తూరి పోతాం. ఒగరి కోసరం ఒగరు ఏడ్చే పని ఉండదు," అంది.

అది విని చౌడక్క, "నేను ఇల్లు చూసుకుంటాలే, మీరు పోయిరాండి," అని తలుపేసుకుంది.

పెళ్ళింట్లో దిగగానే ఎవరో ఆమె ముందు కత్తిపీట పెట్టారు. బ్యాండువాళ్ళ ఇంటి ఆడది అంటే వంటపందిట్లోకి ఇంకో రెండు చేతులు. ఆ సాయంత్రం మబ్బు కమ్మింది, తెల్లారేదాకా ఒకటే వాన. గిటారు వసారాలో తడి గాలికి పడి ఉంది. పొద్దున ఆమె రెండో గంప వంకాయలు తరుగుతుండగా బుజ్జమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! నాయన గిటారును మంట మీద కాస్తాండాడు!"

లక్ష్మీదేవమ్మ చేతిలో వంకాయతోనే పరుగెత్తింది. పందిరి వెనక ఎండుగడ్డి మంట. తప్పెట కొట్టే సుబ్బన్న దానికి విసురుతున్నాడు. తోలు మెత్తబడితే మంట చూపించి బిగువు తెప్పించడం అతని తాతల నాటి విద్య. గంగాధరప్ప గిటారు మెడను రొట్టెలా ఇటూ అటూ తిప్పుతున్నాడు.

"ఇంగొంచెం కానీ అబ్బా. కాగితే అదే బిగుస్తాది," అంటున్నాడు సుబ్బన్న.

"దించు!" అంది లక్ష్మీదేవమ్మ.

పదకొండేళ్ళ కాపురంలో మొగుడికి ఆమె ఒక్క ముక్కలో చెప్పిన మొదటి మాట అది. ఆయన దించాడు.

"తీగెలు లేచి కూసున్నాయి మే. నొక్కుదామంటే అందడం ల్యా..."

బస్సు పడినా మర తిప్పే పనిముట్టు పోకూడదని ఆమె దాన్ని నడుముకు దోపుకున్న వక్కాకు తిత్తిలో పెట్టుకుని వచ్చింది. తీసి, అరుగు మీద కూర్చుని, గిటారు ఒళ్ళో పెట్టుకుని ఒక కన్ను మూసింది. కుడివైపు పావు తిప్పింది. ఆగింది. ఈలోగా తిమ్మరాజూ, మగపెళ్ళివాళ్ళూ మూగారు.

"ఏమప్పా, ఆడమనిషి చేతికిచ్చినావే! ఇరిచేస్తే?" అన్నాడు పెళ్ళికొడుకు మేనమామ.

ఆ మాట ఆమె తనకు తాను రోజూ చెప్పుకునేదే. ఇంకొకరి నోట వినేసరికి మాత్రం, ఇన్నాళ్ళూ విరగలేదే అనిపించింది.

"ముహూర్తం దాటుతాండాదమ్మా," అన్నాడు పురోహితుడు.

"ఆగాల సామీ. కట్టెకు తిప్పు ఎక్కేదాకా ఆగాల."

ఆగారు. పురోహితుడు ఆగాడు, మేనమామ ఆగాడు, తలంబ్రాల పళ్ళెం పట్టుకున్న ముత్తైదువలు ఆగారు. ఆమె ఆగమంటే పాలు కూడా పొంగకుండా ఆగిన రోజు లేదు. ఇంకో పావు తిప్పి, గిటారు మొగుడికిచ్చింది. మీటాడు. పందిరి గుంజలు అదిరాయి.

"చూసినారా, నా చేతిలో..." అని మొదలుపెట్టిన గంగాధరప్ప ఆమె మొహం చూసి మిగతాది మింగేశాడు.

పెళ్ళి అయ్యాక తిమ్మరాజు భార్య తిప్పమ్మ పళ్ళెం పట్టుకొచ్చింది. మేళం వాయించినవాళ్ళ భుజాన కొత్త టవాలు కప్పి తాంబూలం ఇవ్వడం ఆ ఇంటి మర్యాద. నలుగురికి నాలుగు టవాళ్ళు. తర్వాత లక్ష్మీదేవమ్మ వైపు తిరిగి పసుపు కుంకుమ అందించింది.

"నువ్వూ శానా కష్టపడితివమ్మా. వంకాయలు సన్నగా తరిగినావు."

లక్ష్మీదేవమ్మకు వరసగా అన్నీ తోచాయి. నోరు తెరిస్తే నవ్వుతారు. ఇంకో పెళ్ళికి పిలవరు. మొగుడు నెల రోజులు మాట్లాడడు. అత్త ఊరంతా చెప్తుంది. పోయేటప్పుడు బస్సు కూడా పడుతుంది. అన్నీ తోచాక, ఇక తోచడానికి ఏమీ మిగల్లేదు. కుంకుమ తీసి కళ్ళకద్దుకుని బొట్టు పెట్టుకుంది.

"ఇది ముత్తైదువనని ఇచ్చినావు తల్లీ, సంతోషం. గిటారు పలికిచ్చినందుకు టవాలు కప్పలేదే?"

గంగాధరప్ప దగ్గాడు. సుబ్బన్న తన టవాలును గట్టిగా పట్టుకున్నాడు. తిప్పమ్మ ఖాళీ పళ్ళెం వైపూ, మొగుడి వైపూ చూసి లోపలికి పోయింది. పెట్టె తెరిచిన చప్పుడయింది.

టవాలు వచ్చేదాకా లక్ష్మీదేవమ్మ భుజం ముందుకు వంచి అట్లాగే నిలబడింది.