శర్మగారి పిల్లకు ఇచ్చిన గది

"శర్మగారి పిల్లా! కిందికి రా, జర పులిహోర తీస్కపో!"

పద్మ కింది నుంచి కేకేసింది. ఆ పిలుపు తనకేనని గుర్తుకు రావడానికి ఉజ్వలకు మొదట్లో కాస్త టైం పట్టేది. ఇప్పుడు పట్టడం లేదు. భయమేస్తున్నది అందుకే.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఆ ఇల్లు. కింద పద్మ, ఆమె మొగుడు శ్యామ్‌సుందర్ ఉంటారు. ఆయనకు బేగం బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం. మేడ మీద ఒక గది, చిన్న వంటిల్లు, బయట కుళాయి. అందులో ఉజ్వల, ఆమె తల్లి ఎల్లమ్మ. ఎల్లమ్మకు గర్భసంచిలో క్యాన్సర్. రెడ్ హిల్స్ దవాఖానలో రోజూ కరెంటు, అంటే రేడియేషన్, పెడుతున్నారు. మధ్యలో ఆపితే చేసిందంతా నీళ్లపాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఎల్లమ్మ బస్సెక్కలేదు. ఆటో కుదుపుకు వాంతి చేసుకుంటుంది. నడిచిపోయేంత దూరంలో గది ఉండాలి. ఉంది, ఈ గది.

అయితే పద్మ ఈ గదిని ఉజ్వలకు ఇవ్వలేదు. వెంకటరమణ శర్మ అనే ఆయన కూతురికి ఇచ్చింది. అలాంటి ఆయన ఎక్కడా లేడు. ఉజ్వల తండ్రి రాజయ్య. జనగామ దగ్గరి ఊళ్లో, మాదిగవాడలో పుట్టి అక్కడే చనిపోయాడు.

శర్మను పుట్టించింది యూనివర్సిటీ.

అబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్స్ మూడో అంతస్తులో ప్రొఫెసర్ మహీధర్ ప్రాజెక్టు ఆఫీసు ఉంది. సైకాలజీ ఎం.ఏ. చేసిన ఉజ్వలకు అక్కడ ఉద్యోగం. మనిషి ఇంకో మనిషిని వద్దంటూనే, తాను వద్దనలేదని తన మనసుకు ఎలా చెప్పుకుంటాడు? ఆయన పరిశోధన దాని మీద. చేసే పని మామూలే. టులెట్ బోర్డున్న ఇంటికి ఇద్దరమ్మాయిలు వేరువేరుగా పోతారు. చదువు ఒకటే, జీతం ఒకటే, చెప్పే మాటలు ఒకటే. తండ్రి పేరు, కులం మాత్రం వేరు. ఏ ఇంటికి ఎవరు ఏ కులంతో పోవాలో కంప్యూటర్ చీటీ తీస్తుంది. ఎవరి సొంత కులంతోనూ దానికి పని లేదు.

పద్మ ఇంటికి ఉజ్వలకు శర్మ వచ్చాడు. రెండో పిల్ల హాసినికి మాదిగ వచ్చింది. హాసిని వాళ్ల తాత యాభై ఆరులో బందరు నుంచి గుమస్తా ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ బ్రాహ్మడు.

ముందు హాసిని పోయింది. తిరిగి వచ్చి, ఇరానీ హోటల్లో ఉజ్వల ఎదురుగా కూర్చుని ఏడ్చింది.

"కసరలేదక్కా. మంచినీళ్లిచ్చింది. నవ్వుతూనే ఉంది. 'నాకైతే ఏం లేదమ్మా, మా అత్తమ్మకే జర పట్టింపు' అంది. గేటు దాకా వచ్చి మరీ సాగనంపింది. ఒళ్లంతా అదోలా ఉందక్కా."

"చాయ్ తాగు. మొదటిసారి గదా, గట్లనే ఉంటది."

"నీకెలా ఉంటుంది?"

"ఆకలైతది. ఉస్మానియా బిస్కెట్ చెప్పు."

మధ్యాహ్నం ఉజ్వల వంతు. పద్మ తలుపు తీసి, పైనుంచి కింది దాకా చూసి, "మీరేమిటోళ్లు బిడ్డా?" అంది. కాగితంలో ఉన్న జవాబే ఉజ్వల చెప్పింది. పద్మ మొహం విచ్చుకుంది.

"అయ్యో, మరి బయటనే నిలబడ్డవేంది? గది చూసుడేంది, నీదే అనుకో. అమ్మను తోల్కరా."

"ఆధార్ కాపీ ఇయ్యాల్నా?"

"శర్మగారి పిల్లవు, నీకు కాయితాలెందుకు?"

గది ఇస్తామంటే, అదే రోజు ఫోన్ చేసి "వేరేచోట దొరికింది" అని చెప్పాలి. ప్రాజెక్టు నియమం అది. ఉజ్వల సందు మలుపులో నిలబడి ఫోన్ తీసింది. ఎల్లమ్మ అప్పటికి దవాఖాన వరండాలో చాప మీద పడుకుంటోంది. సొంత పేరుతో ఉజ్వల లక్డీకాపూల్ నుంచి నాంపల్లి దాకా ఎక్కని మెట్టు లేదు. అన్ని ఇళ్లలోనూ అత్తమ్మలకే పట్టింపు. ఆమె ఫోన్ చేయలేదు. సాయంత్రం తల్లిని, సంచిని పట్టుకుని వచ్చేసింది.

అబద్ధమాడింది కదా అని తిట్టేవాళ్లు ముందు ఒక గది చూపించి తిట్టండి.

"నా పేరు సరస్వతమ్మనా?" ఎల్లమ్మ మెట్ల మీద ఆగి రొప్పుతూ అడిగింది. "నా పేరు గూడ మార్చినవా బిడ్డా? పేరు మారిస్తె రోగం గూడ నన్ను గుర్తుపట్టదేమో!"

"మెల్లగ అమ్మా. కిందోళ్లు ఇంటరు."

ఆ "మెల్లగ" అప్పుడు మొదలైంది, మళ్లీ పోలేదు. డాక్టరమ్మ గుడ్లు పెట్టమంది. ఉజ్వల కిటికీ మూసి, కరెంటు కెటిల్‌లో గుడ్లు ఉడికించేది. పెంకులను కవర్లో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని అబిడ్స్ దాకా మోసుకుపోయి, ఆఫీసు చెత్తబుట్టలో పడేసేది. ఎల్లమ్మకు ఎండుచేపల మీద మనసు పోయేది. అడిగేది కాదు, గుటక వేసేది. ఊరి నుంచి ఫోనొస్తే దుప్పటి కప్పుకుని మాట్లాడేది. ఊళ్లోవాళ్లు చూడటానికి వస్తామంటే ఉజ్వలే వద్దని చెప్పింది. కన్నతల్లి దగ్గరికి మనుషులను రానివ్వని పని ఇప్పుడు ఆమే చేస్తోంది.

పద్మ అత్తమ్మ హాల్లో గోడ మీద ఉంది, ఫోటోలో. దండ కూడా పాతబడింది.

పద్మ చెడ్డదైతే బాగుండేది. కాదు. జావ కాచి పైకి తెచ్చేది. ఎల్లమ్మ కాళ్లు వాచిన రోజు తనే కూర్చుని ఒత్తింది. "నాకు అమ్మ లేదు సరస్వతమ్మా" అంది. ఎల్లమ్మ ఆమె తల నిమిరింది. ఉజ్వల వంటింట్లోకి పోయి నిలబడింది.

ఇట్లా నడుస్తుండగా మహీధర్ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టాడు.

"ఇళ్లు తిరగడం అయిపోయింది. ఇక చివరి దశ. మనం వాళ్లకు అబద్ధం చెప్పాం. పరిశోధన కోసం అబద్ధం చెప్తే, తర్వాత పోయి నిజం చెప్పాలి. ఎథిక్స్ కమిటీ షరతు అది. ప్రతి ఇంటికీ పోయి, మా అమ్మాయిలు తండ్రి పేరు, కులం మార్చి చెప్పారు అని చెప్దాం. ఇష్టం లేదంటే వాళ్ల ఇంటి వివరాలు తీసేద్దాం. అది వాళ్ల హక్కు."

అబద్ధం విన్న ఇంటామెకు హక్కుంది. అబద్ధం ఆడిన పిల్లకు ఏముందో ఏ కమిటీ రాయలేదు.

అందరూ లేచాక ఉజ్వల ఆగింది. "సార్, నాంపల్లిల పద్మగారి ఇల్లొకటి వదిలేస్తరా?"

"అదెలా కుదురుతుంది? లేని అత్తగారిని సాకు చెప్పిందని నువ్వే రాశావు. మన పేపర్‌కు అదే ప్రాణం." అప్పుడు ఆయనకు అనుమానం వచ్చింది. "అవునూ, అత్తగారు లేరని నీకెలా తెలిసింది?"

"నేను ఆ ఇంట్లనే ఉంటున్న సార్."

మహీధర్ లేచి తలుపు వేశాడు. ఉజ్వల మొత్తం చెప్పింది. ఆయన మంచివాడే. సమానత్వం గురించి మైకు ముందు మాట్లాడుతూ గొంతు పూడుకున్న సందర్భాలున్నాయి. ఇప్పుడూ పూడుకుంది.

"ఇది బయటికొస్తే ప్రాజెక్టు మూతపడుతుంది, ఉజ్వలా. నేను సోమవారం అక్కడికి పోతాను. ఆ లోపు ఖాళీ చెయ్యి."

"ఎక్కడికి పోవాలె సార్?"

ఆయన కిటికీలోంచి కిందికి చూశాడు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు పోయే జనంతో రోడ్డు ఆగిపోయి ఉంది.

"మీ దగ్గర ఏదన్న గది ఉంటె... కరెంటు అయిపోయేదాకనే సార్."

"మా ఇంట్లోనా? గది ఉంది. కానీ మా అమ్మగారు..." అని ఆగిపోయాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఉజ్వల తల ఊపింది. ఇక అడగలేదు.

హాసిని మెట్ల మీద పట్టుకుంది. ఉజ్వల ఎక్కడ ఉంటోందో ఆమెకు మొదటి నుంచీ తెలుసు. "నేనైతే ఆ ఇంటికి రానని సార్‌కు చెప్పేశానక్కా. ఆయనే పోతారట. ఏం చేస్తావు?"

"ఆయన నోటి నుంచి ఇనేకన్న నా నోటి నుంచి ఇంటె, జరంత నయమేమో."

ఆదివారం పద్మ వాకిట్లో చిక్కుడుకాయలు గిల్లుతోంది. శ్యామ్‌సుందర్ దుకాణంలో ఉన్నాడు. ఉజ్వల పక్కన మెట్టు మీద కూర్చుంది.

"పద్మక్కా, నేను శర్మగారి పిల్లను గాదు."

"ఏంది?"

"నేను గది అడగనొచ్చిన నాడు పొద్దుగాల ఒక పిల్ల వచ్చె, యాదికుందా? అత్తమ్మకు పట్టింపని పంపిస్తివి. ఆమె చెప్పిన కులం నాది. నాది ఆమె చెప్పింది, ఆమెది నేను చెప్పిన. యూనివర్సిటీ పని అది. రేపు మా సార్ వచ్చి మీకు చెప్తడు."

పద్మ చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉంది. ఆమె కళ్లు ముందు దేవుడి గదివైపు పోయాయి.

"సత్యనారాయణ వ్రతం నాడు ప్రసాదం నీ చేతులతోనే పంచిపిచ్చిన."

"ఔ."

"మా ఆడబిడ్డలందరు తిన్నరు."

"ఔ అక్కా."

"నాకు పరీక్ష పెట్టిన్రా మీరు? నేను గంత చెడ్డదాన్నా? మీ అమ్మ కాళ్లు ఒత్తిన గదనే!" పద్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఓదార్చే పని మళ్లీ ఉజ్వలకే పడింది. చెయ్యి ముందుకు పెట్టి, ముట్టుకోవచ్చో లేదో తెలియక వెనక్కి తీసుకుంది.

కాసేపటికి పద్మ ముక్కు తుడుచుకుంది. గొంతు తగ్గించింది.

"కరెంటు అయిపోయేదాక ఉండు. ఆ ముసలామెను రోడ్డు మీద పడేసేంత పాపిష్టిదాన్ని గాదు నేను. గని మా ఆయనకు తెల్వద్దు. సందుల ఎవ్వలకు తెల్వద్దు. నువ్వు శర్మగారి పిల్లవే. ఇప్పుడు చెప్పింది నేను ఇనలే. పూజలున్న రోజు ఏదన్న పనున్నదని చెప్పి బయటికి పో. సమజైందా?"

"మరి మా సార్?"

"రానీ. నేను చూస్కుంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఉజ్వల థాంక్స్ చెప్పింది. చెప్పాల్సి వచ్చింది.

సోమవారం మహీధర్ వచ్చేసరికి శ్యామ్‌సుందర్ ఇంట్లోనే ఉన్నాడు. ప్రొఫెసర్ అనేసరికి కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. మహీధర్ తాను నేర్చుకున్న మాటలు మొదలుపెట్టాడు. ఇద్దరమ్మాయిలు, మార్చి చెప్పిన కులాలు, పరిశోధన. పద్మ మధ్యలో అందుకుంది.

"ఔ, వచ్చిన్రు. ఒకామెకు గది నచ్చలే. ఇంకొకామె అదే దినం ఫోన్ చేసి వద్దన్నది. తర్వాత ఈ శర్మగారి పిల్ల దిగింది."

మహీధర్ ఆమెను చూశాడు. ఆమె రెప్ప వేయలేదు. ఆయన కాదనలేదు. కాదంటే పోయేది ఆయన ప్రాజెక్టు.

"అయినా మా ఇంట్ల గట్లాంటి పట్టింపులు లేవు సార్!" శ్యామ్‌సుందర్ నవ్వాడు. "కావల్నంటె మేడ మీది పోర్షన్ పిల్లను అడుగుండ్రి. బ్రాహ్మల పిల్ల, మాతోని కలిసిపోయింది. ఓ బిడ్డా, జర కిందికి రా!"

ఉజ్వల దిగి వచ్చింది. మహీధర్ నేల వైపు చూశాడు.

"సార్ యూనివర్సిటీ నుంచి వచ్చిండు. ఈ ఇంట్ల నిన్నెట్ల చూస్తున్నమో చెప్పు బిడ్డా. భయపడకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు."

పద్మ కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది. వేలు తెల్లబడింది.

"మంచిగ చూసుకుంటరు సార్," అంది ఉజ్వల.

"ఇంకేమైనా... చెప్పాలనుందా అమ్మా?" మహీధర్ అడిగాడు. నెలలుగా ఉజ్వలా అని పిలిచిన మనిషి ఇప్పుడు ఎవరో పిల్లను పిలిచినట్టు అమ్మా అన్నాడు.

"ఏం లేదు సార్."

"ఇన్నరు గదా? ఇగ మా ఇంటి ముచ్చట మీ పుస్తకంల నుంచి తీసెయ్యిండ్రి," అని శ్యామ్‌సుందర్ సంతకం పెట్టాడు. మహీధర్ చాయ్ తాగకుండానే లేచాడు. గేటు దాకా పద్మ సాగనంపింది.

ఉజ్వల మెట్లెక్కింది. ఎల్లమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"ఎవలొచ్చిన్రు? మీ సార్ గొంతు లెక్క ఇనబడ్డది."

"మా సార్ కాదు. ఎవరో సర్వేవాళ్లు."

"మనల్ని ఏమన్న అడిగిన్రా?"

"అడిగిన్రు."

"మరేం చెప్పినవ్?"

ఉజ్వల తలుపు గొళ్లెం పెట్టింది. కిటికీ కూడా మూసింది.

"దవాఖానకు టైమైతున్నది. చీర మార్చుకో," అంది.