నాలుగో పేజీలో తారుమారు

నాది వరస ముఖ్యమైన బీజగణితం. బట్టలు ఉతికి ఇస్త్రీ చేయడం వేరు, ఇస్త్రీ చేసి ఉతకడం వేరు. నా లెక్కల్లో గుణకారమూ అంతే. ఏది ముందో ఏది వెనకో చూసుకోవాలి. ఈ ముక్క పాతికేళ్లుగా క్లాసులో గొంతు చించుకుని చెబుతున్నాను.

నాకు పేరు తెచ్చిన సిద్ధాంతం పద్నాలుగేళ్ల నాటిది. ప్రొఫెసర్ పదవికి పెట్టిన దరఖాస్తులో మొదట రాసిందీ అదే. సోమవారం ఇంటర్వ్యూ అనగా, గురువారం నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఆ వ్యాసం పట్టుకొచ్చింది.

"మేడమ్, నాలుగో పేజీలో ఈ రెండూ అటూ ఇటూ మార్చేశారు కదా, ఎలా కుదిరిందో నా బుర్రకెక్కట్లేదు."

"తేలికేనమ్మా. ఇంటికెళ్లి నెమ్మదిగా ఆలోచించు," అన్నాను పెద్దరికంగా.

ఇంటికెళ్లి ఆలోచించింది మాత్రం నేను. శనివారానికి, రెండు పూటల కూర మాడ్చాక తేలింది. మార్చకూడని చోట మార్చాను. వరస మార్చి గుణిస్తే జవాబు మారిపోయే, నాలుగేసి అంకెలున్న రెండు చిన్న పట్టికలు చాలు, నా సిద్ధాంతం కూలడానికి.

మా ఆయన పళ్ల డాక్టరు. "ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదా?" అన్నారు.

"అచ్చుకి ముందు ఇద్దరు పరీక్షించారండీ."

"అయితే సోమవారం దాటేదాకా నోరు మూసుకో."

"మీరు ఒక పన్నుకి బదులు ఇంకోటి పీకితే అలాగే ఊరుకుంటారా?"

"పేషెంటు అరుస్తాడు. నీ సిద్ధాంతం అరవదు కదా!"

నిజం చెప్పొద్దూ, ఆ సలహా నాకు నచ్చింది. ఇంటర్వ్యూలో బుద్ధిగా కూర్చున్నాను. ఇంటర్వ్యూ కమిటీ అధ్యక్షుడు నా వ్యాసం తెరిచి, "దీని మీదే నా కొత్త పుస్తకంలో ఒక అధ్యాయం కట్టానమ్మా. వచ్చేవారం అచ్చుకెళ్తోంది," అన్నారు మురిపెంగా.

"ఆపించండి సార్," అన్నాను. నా నోటికి నన్నడిగి మాట్లాడే అలవాటు లేదు.

బోర్డు మీద ఆ రెండు పట్టికలూ రాశాను. ఆయన లేచొచ్చి అటు గుణించారు, ఇటు గుణించారు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ గుణించారు. కమిటీలో మిగతా ఇద్దరూ తలో సుద్దముక్కా అందుకున్నారు. ముప్పావుగంట గడిచింది. తరవాతి అభ్యర్థి రెండుసార్లు తలుపు తట్టాడు.

ఇంటికి రాగానే, "వచ్చిందా?" అన్నారు మా ఆయన.

"అధ్యాయంలో సగం నిలబడుతుందండీ!"

"నేనడిగింది పదవి సంగతి తల్లీ!"

అడగడం మరిచిపోయాను. వాళ్లు మరవలేదు. పదోరోజున ఉత్తరం వచ్చింది: సరిదిద్దిన వ్యాసంతో వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టుకోమని. ఇప్పుడు సరిదిద్దుతున్న ఆ వ్యాసం మీద మా అమ్మాయి, ఆ పరిశోధకురాలి పేరు ముందు, నాది వెనక. ఆమె రాసింది నేను ఒకసారి చూస్తున్నాను. నేను రాసింది ఆమె రెండుసార్లు చూస్తోంది.