చుక్కల పలక

మా కాంటా కంప్యూటర్‌కు వచ్చిన కొత్త వెర్షన్‌లో ఏమేం ఉన్నాయో, దాన్ని బాగుచేసే నగేష్ ఫోన్‌లో చూసి చదివాడు. తెర రంగులు మార్చుకోవచ్చు. కంప్యూటర్ తొందరగా లేస్తుంది. బయటివాళ్లు చొరబడే భయం ఇంకా తగ్గింది. కొన్నేళ్ల దాకా మళ్లీ ముట్టుకోనక్కర లేదు. ఆఖరున ఇంకొకటి చదివాడు. చూపు లేనివాళ్లు వాడే చుక్కల యంత్రం వైరు తగిలిస్తే చాలు, దానంతట అదే గుర్తుపడుతుంది.

అది చదివాక నా మొహం చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"గది మనం అడిగింది కాదు కాకా. అన్నిటితోని గట్లనే వస్తది" అన్నాడు.

నేను పాస్‌వర్డ్ కొట్టాను. అతను పాత వెర్షన్ మీద కొత్తది ఎక్కించి, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

మెదక్ దాటి చేగుంట రోడ్డు ఎక్కగానే శశిధర్ ధరం కాంటా ఉంది. వెనక రైస్ మిల్లు కూడా అతనిదే. సరుకుతో సహా తూయడానికి ట్రాక్టరో లారీయో ఇనుప రేకుల మీదికి ఎక్కుతుంది. అద్దాల గదిలో డబ్బా మీద ఎర్ర అంకెలు వెలుగుతాయి. డబ్బా నుంచి ఒక వైరు కంప్యూటర్‌కు పోతుంది. కంప్యూటర్ చిట్టీ కొడుతుంది. ఆ చిట్టీ లేనిదే మిల్లు గేటు తెరవరు. చేతిరాత చిట్టీ చెల్లదు. అది శశిధర్ పెట్టిన కట్టడి. కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్, ఎవరికీ పైసా కట్టనక్కర లేని సిస్టం. శశిధర్‌కు దానిలో నచ్చింది అదొక్కటే.

ఆ గదిలో కుర్చీ నా భార్య యాదలక్ష్మిది. పాపన్నపేట బడిలో పదో తరగతి దాకా చదివింది, మెదక్‌లో కంప్యూటర్ నేర్చుకుంది, ఏళ్ల తరబడి ఆ కుర్చీలో కూర్చుని చిట్టీలు కొట్టింది. నేను మిల్లులో బస్తాలు మోసేవాణ్ని. నాది ఏడో తరగతి.

షుగర్ ఆమె కళ్లను తినేసింది. ముందు అంకెలు అలుక్కుపోయాయి. తర్వాత మనుషులు. ఆమె ఏడవలేదు. హైదరాబాదులో ఒక సంఘం వాళ్లను ఫోన్ మీద పట్టుకుని, వాళ్ల దగ్గరికి పోయి వచ్చి, చుక్కలు తడిమి చదవడం నేర్చుకుంది. షుగర్ చూడటానికి రోజూ వేలు పొడిపించుకోవాలి. చదివే వేలిని మాత్రం పొడవనిచ్చేది కాదు. "అది నా కన్ను" అనేది.

సంఘం వాళ్లు ఆమెకు ఒక యంత్రం వాడుకొమ్మని ఇచ్చారు. మూరెడు పొడుగు పలక. దాని మీద వరసగా సన్నని మొనలు. తెర మీద ఏ అక్షరం పడితే ఆ అక్షరానికి తగ్గ మొనలు పైకి లేస్తాయి. వేలితో తడిమి చదువుకోవడమే. దాన్ని కంప్యూటర్‌కు తగిలిస్తే తూకం తానే చదివి చిట్టీ తానే కొట్టగలదు. తువ్వాలలో చుట్టుకుని తెచ్చింది. తగిలించాం. కంప్యూటర్ దాన్ని ఆనవాలు పట్టలేదు.

"ఈ వెర్షన్‌ల లేదు, వచ్చే దాంట్ల ఉంది. ఇంక పరీక్షలల్ల ఉన్నది. కావాల్నంటే గదే ఎక్కిస్త" అన్నాడు నగేష్.

శశిధర్ గుమ్మంలో నిలబడి విన్నాడు.

"నడుస్తున్న కాంటాను ఆగం చేస్తరా? స్టేబుల్ రానీయుండ్రి. వచ్చినంక చూద్దాం. అప్పటిదాంక యాదమ్మ ఇంటికాడ ఉంటది."

పరీక్షలన్నీ దాటి గట్టిపడిన వెర్షన్‌ను స్టేబుల్ అంటారట. ఆ పూటే నన్ను బస్తాల కాడ నుంచి పిలిచి ఆమె కుర్చీలో కూర్చోబెట్టాడు.

నేను ఇల్లు చేరగానే చెప్పుల చప్పుడుకు అడిగేది. "స్టేబుల్ వచ్చిందా?" రాలేదనేవాణ్ని. కొన్నాళ్లకు అడగడం మానేసింది. ఆ తర్వాత వేలు పొడిపించుకోవడం, షుగర్ సూది రెండూ మానేసింది. వేళ్లన్నీ మెత్తబడ్డాయి. ఒక పొద్దు లేవలేదు. దవాఖానలో కిడ్నీలు అన్నారు. నేను శశిధర్ అంటాను.

యంత్రం కోసం సంఘం వాళ్లు రాలేదు. అదే తువ్వాలలో, కాంటా గది సొరుగులో ఉంది.

నగేష్ కొత్త వెర్షన్ ఎక్కించిన మర్నాడు గాలయ్య ట్రాక్టర్ ముందుగా వచ్చింది. పాపన్నపేట దగ్గర మంజీర ఒడ్డున అతనికి కొంచెం పొలం. యాసంగి వడ్లు. ట్రాక్టర్ కిరాయిది. ట్రాలీ మీద కప్పిన పట్టా పొట్టిది, సగం దాకే వచ్చింది. ఆకాశం పడమటి దిక్కు నల్లగా ఉంది.

"ఎల్లన్నా, జర జల్ది కానియ్యి. మొగులు నాకంటె ముందొచ్చి లైన్ల నిలవడ్డది" అన్నాడు.

"ఎక్కియ్యి బండి."

"రెండు మాట్ల తడిసినయ్, రెండు మాట్ల రోడ్డు మీద ఎండవోసిన. మూడోసారి తడిస్తె మొలకలే. అప్పుడు వడ్లు గాదు, నారు తూసుకోవాలె నువ్వు."

బండి ఎక్కింది. డబ్బా మీద ఎర్ర అంకెలు వచ్చాయి. కంప్యూటర్‌లో తూకం గడి ఖాళీగా ఉంది. వైరు పీకి మళ్లీ పెట్టాను. తెర మీద వైరు గుర్తు రెప్పపాటు కనిపించి మాయమైంది. కంప్యూటర్ ఆర్పి లేపాను. అదే తీరు. వెనక ఇంకో రెండు బండ్లు వచ్చి హారన్ కొడుతున్నాయి.

నగేష్‌కు ఫోన్ చేశాను. వస్తున్నానన్నాడు. శశిధర్‌కు చేశాను.

"పటేలా, కాంటా డబ్బ మంచిగనే ఉంది. కంప్యూటర్‌కే తూకం పోతలేదు. వానొచ్చేటట్టుంది. చేతితోని రాసిస్త, జర గేటు తీయమనుండ్రి."

"చేతి చిట్టీ అంటే దొంగ చిట్టీ. నగేష్‌ను పిలిచినవా? నేనొస్తున్న."

నేను అడిగాను. అడగలేదని ఎవరూ అనకూడదు.

నగేష్ బైకు దిగి వచ్చి నల్ల తెర మీద ఏవో అక్షరాలు కొట్టి చూశాడు. నవ్వాడు.

"దొంగ దొరికిండు కాకా. కాంటా వైరుల ఒక చిన్న చిప్పు ఉంటది. గా చుక్కల మిషన్ల వైర్లల్ల గూడ గదే చిప్పు. కొత్త సిస్టం మన వైరును చూసి గుడ్డోళ్ల మిషన్ అనుకుంటుంది. పెట్టంగనే గుంజుకుంటుంది. కాంటా ప్రోగ్రాంకు దొరకనిస్తలేదు."

"అంటే?"

"గా చుక్కల సౌలతు తీసేస్తె అయిపాయె. రెండు నిమిషాల పని. పాస్‌వర్డ్ కొట్టు."

పాస్‌వర్డ్ యాదలక్ష్మి పెట్టింది. నాకు తప్ప ఎవరికీ తెలియదు. శశిధర్ ఎన్నడూ అడగలేదు.

కంప్యూటర్ చేస్తున్న పని నాకు అర్థమైంది. తగిలిన ప్రతి వైరునూ పట్టుకుని, నువ్వు గుడ్డివాళ్లదానివేనా అని అడుగుతోంది. ఆమె బతికి ఉన్నప్పుడు ఆమె యంత్రాన్ని తగిలిస్తే ఊరుకున్నదే ఇది. ఇప్పుడు కాంటా వైరును పట్టుకుని వదలడం లేదు.

శశిధర్ కారు వచ్చి ఆగింది. లోపలికి వచ్చాడు.

"ఏంది లొల్లి?"

నగేష్ చెప్పాడు.

"గుడ్డోళ్లదా? ఈడ గుడ్డోళ్లు ఎవలున్నరయ్యా? తీసి పారెయ్యి."

నన్ను పొడవాలని అనలేదు. అతనికి జ్ఞాపకం లేదు, అంతే. ఆమె కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించి ఆ మాట అన్నాడు.

నేను కీబోర్డ్ మీద నుంచి చేతులు తీశాను. సొరుగు లాగాను. తువ్వాల విప్పి పలక బల్ల మీద పెట్టి వైరు తగిలించాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత చీమలు ఎండుటాకు మీద నడిచినట్టు చప్పుడయింది. మొనలు లేచాయి. ఒక కొస నుంచి వరస కట్టి నిలబడ్డాయి. నగేష్ తెర మీద ఏం కొట్టాడో అది అక్కడ చుక్కలుగా ఉంది. ఆ గదిలో దాన్ని చదవగలిగిన మనిషి లేడు.

"స్టేబుల్ వచ్చింది పటేలా" అన్నాను.

"ఏం వచ్చింది?"

"వచ్చినంక చూద్దాం అన్నరు గద. వచ్చింది. చూడుండ్రి."

కొంచెం సేపటికి అతనికి తట్టింది. మొహం చిట్లించాడు.

"ఎల్లం, పోయినామె పోయింది. గవన్ని ఇప్పుడెందుకు? బయట బండ్లాగినయ్."

"మీ వేలు దీని మీద పెట్టుండ్రి. ఒక్కసారి. పెట్టినంక పాస్‌వర్డ్ కొడత."

"దిమాక్ ఖరాబైందా?"

"అయింది."

"రేపటి సంది పనిల ఉండవు నువ్వు."

"తీసేయుండ్రి. పాస్‌వర్డ్ నాతోనే వస్తది."

అతను నగేష్ వైపు తిరిగాడు. "దాన్ని పలగొట్టొచ్చా?"

"పెన్‌డ్రైవ్ తోని చెయ్యొచ్చు సార్. అది దుకాణంల ఉంది. రాందాస్ చౌరస్తా దాంక పోయి రావాలె."

"పో మరి, చూస్తవేంది?"

నగేష్ గుమ్మం దాకా పోయి ఆగాడు. ఉరిమింది. గాలికి తలుపు కొట్టుకుంది. గాలయ్య గుమ్మంలోకి వచ్చాడు. తల మీద రుమాలు గాలికి ఊడి మెడలో పడింది.

"ఎల్లన్నా, మీ పంచాది రేపు పెట్టుకోండ్రి. నీ కాల్మొక్త. పటేలా, గేటన్న తీపియ్యుండ్రి. షెడ్డు కింద నిలవెట్టుకుంట, ఎనుక తూస్తరు."

"చిట్టీ లేనిది గేటు తీయను. ఈనాడు నీకు తీస్తె రేపు ఊరందరికి తీయాలె. మీ ఎల్లన్ననే అడుగు" అన్నాడు శశిధర్.

గాలయ్య నన్ను చూశాడు. నేను పలకను చూశాను.

మొదటి చినుకులు అద్దం మీద రాళ్లలా పడ్డాయి. గాలయ్య పరుగెత్తాడు. పట్టా చాలని చోట రుమాలు పరిచాడు. రుమాలు చాలలేదు. ట్రాలీ ఎక్కి వడ్ల మీద బోర్లా పడుకుని చేతులు చాపాడు. అద్దంలో నుంచి కనిపిస్తూనే ఉంది. మనిషి వెడల్పు ఎంత? ట్రాలీ వెడల్పు ఎంత?

శశిధర్ వానను చూశాడు. నగేష్ ఈ వానలో పోయి రాలేడని తెలిసింది. బల్ల దగ్గరికి వచ్చాడు. రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసినట్టు పలక మీద చూపుడు వేలు పెట్టి, నొక్కి, తీశాడు.

"అయిందా? ఇంకేమన్న పెట్టాల్నా?"

వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఈ పని జరిగితే ఏమవుతుందో నేను చాలా కాలం అనుకున్నాను. అతని మొహం చూశాను. చీమ కుట్టినంత కూడా లేదు. కారు అద్దాలు దింపి వచ్చాడేమోనని కిటికీలో నుంచి చూసుకున్నాడు.

పాస్‌వర్డ్ కొట్టాను. నగేష్ ఒక్క వరస రాశాడు. మొనలన్నీ ఒకేసారి కిందికి దిగాయి. పలక నున్నగా అయింది. తెర మీద తూకం గడిలో అంకెలు వచ్చాయి.

"రెండు నిమిషాలు గూడ పట్టలే" అన్నాడు నగేష్, ఎవరినీ చూడకుండా.

శశిధర్ గొడుగు తెప్పించుకుని కారెక్కాడు. నన్ను పనిలో నుంచి తీసేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. తీసేయలేదు కూడా. అతనికి నా పగ అంత పనికిరానిది.

గాలయ్య ట్రాక్టర్ కాంటా మీదే ఉంది. ట్రాలీ వెనక తలుపు సందులో నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. చిట్టీ కొట్టి ఇచ్చాను. తడిసిన చేత్తో పట్టుకుని చదివాడు.

"ఇంటికాడ తూసిన దానికంటె ఎక్కువొచ్చింది. వానను గూడ తూసినవ్ అన్నా" అన్నాడు. నవ్వబోయాడు. రాలేదు.

చిట్టీ చూసి గేటు తెరిచారు. మిల్లులో గుమస్తా పిడికెడు వడ్లు తీసి తేమ చూసే మిషన్‌లో పోశాడు. తేమ ఎక్కువుందని బండిని వెనక్కి తిప్పాడు. కొంచెం సేపటికి ట్రాక్టర్ మళ్లీ కాంటా గది ముందు ఆగింది. గాలయ్య దిగి వచ్చి చిట్టీ నా బల్ల మీద పెట్టాడు. అది ముద్దయి ఉంది.

"నీ పగ పటేల్ మీద. పడ్డది నా వడ్ల మీద."

ముద్దయిన చిట్టీని బల్ల మీద విప్పి సాపు చేశాను.

"మొగులు వట్టిందంటె యాదక్క అన్నం గిన్నె పక్కకు నూకి తూసేది. చెయ్యి గూడ కడుక్కునేది కాదు. మెతుకులు అంటిన చిట్టీలు ఉండె మా ఇంట్ల. గా యాదక్క పేరు మీద గిట్ల చేస్తివి."

నగేష్ తలుపు దగ్గర తల దించుకుని నిలబడ్డాడు. వాన తగ్గలేదు.

"బండి తియ్యి గాలయ్యా. వెనక బండ్లు ఉన్నయ్" అన్నాను.

అతను తడుస్తూ పోయి ట్రాక్టర్ ఎక్కాడు. ట్రాక్టర్ మలుపు తిరిగింది. రోడ్డు పొడుగునా వడ్లు కలిసిన నీళ్లు కారుతూ పోయాయి.

అతన్ని నేను క్షమించమని అడగలేదు. అడిగినా అతను క్షమించకూడదు. నేనైతే క్షమించేవాణ్ని కాదు.

పలక వైరు పీకి, తువ్వాలలో చుట్టి, సొరుగులో పెట్టాను. వెనక బండి హారన్ కొట్టింది. రమ్మని చెయ్యి ఊపాను.